అట్టోమోలార్ సెన్సర్ల పత్రాలను ఎలా చదవాలి?

అన్వేషి_కె
పీహెచ్‌డీకి గైడ్‌గా కోరుకుంటున్న ఒక ఆచార్యుడి పరిశోధన పత్రాలన్నింటినీ మొదటి నుంచి వరుసగా చదువుతున్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను, దయచేసి ఎవరూ ఊహించి రాయవద్దు. ఆయన రంగం బయోమెడికల్ నానోపదార్థాలు, బయోసెన్సర్లు. తొలినాటి పత్రాల్లో బంగారు నానోకణాల మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును నిలిపి గ్లూకోజ్‌ను కొలిచారు. తరువాత గ్రాఫీన్ ఆక్సైడ్ మీద డోపమైన్, యూరిక్ ఆమ్లం, ఆ పైన క్యాన్సర్‌ను సూచించే ప్రోటీన్లు, ఇటీవల మైక్రో ఆర్ఎన్ఏలు (జన్యువుల పనిని నియంత్రించే చిన్న ఆర్ఎన్ఏ పోగులు). పత్రం మారినప్పుడల్లా పదార్థమూ మారుతోంది, కొలిచే అణువూ మారుతోంది. డిటెక్షన్ లిమిట్ (సెన్సర్ పట్టగలిగే అతి తక్కువ గాఢత) మాత్రం మెట్టు మెట్టుగా దిగుతూ నానోమోలార్ నుంచి ఫెమ్టోమోలార్‌కు, తాజా పత్రంలో 0.2 అట్టోమోలార్‌కు చేరింది. సైటేషన్లు బాగానే ఉన్నాయి, జర్నళ్లూ పేరున్నవే.

నన్ను తొలుస్తున్న సంగతి ఏమిటంటే, ఇన్నేళ్లలో తాను చేసిన ఏ సెన్సర్‌నూ ఆయన మళ్లీ చేతిలోకి తీసుకోలేదు. దాని లోపం సరిదిద్దిన పత్రం గానీ, ఎక్కువమంది రోగుల నమూనాలతో పరీక్షించిన పత్రం గానీ కనిపించలేదు. ఈ వరుసను ప్రగతి అనుకోవాలా? ఇలాంటి పత్రాల్లో ముందుగా దేన్ని చూడాలి?

మధుకర్_టి
ఎలక్ట్రోడ్ మీద ఎన్ని మైక్రోలీటర్ల చుక్క వేశారో ఆ తాజా పత్రంలో వెతికి ఇక్కడ రాయండి. మిగతాది ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.

అన్వేషి_కె
5 మైక్రోలీటర్లు అని అనుబంధ సమాచారంలో ఉంది. అసలు పత్రంలో ఎక్కడా లేదు.

గణాంక_మిత్ర
అయితే లెక్క వేసి చూద్దాం. ఒక అట్టోమోలార్ అంటే లీటరుకు 10 ఘాతం మైనస్ 18 మోల్‌లు. దాన్ని అవోగాడ్రో సంఖ్యతో గుణిస్తే లీటరుకు దాదాపు 6 లక్షల అణువులు వస్తాయి. మైక్రోలీటరుకు లెక్క కడితే 0.6 అణువు. 0.2 అట్టోమోలార్ ద్రావణం నుంచి 5 మైక్రోలీటర్లు తీస్తే అందులో సగటున ఉండేది 0.6 అణువు మాత్రమే. అంటే అలాంటి చుక్కలు ఎన్నో వేస్తే వాటిలో సగానికి పైగా చుక్కల్లో ఆ అణువు ఒక్కటి కూడా ఉండదు. లేని అణువును ఏ నానోపదార్థమూ పట్టలేదు.

దీనికి తోడు మరొక పరీక్ష ఉంది. 10 మైక్రోలీటర్ల చుక్కలో ఒక అట్టోమోలార్ వద్ద సగటున 6 అణువులు ఉంటాయి. పాయిసాన్ విభాజనం ప్రకారం ఆ సంఖ్య చుక్క నుంచి చుక్కకు వర్గమూలమంత, అంటే దాదాపు రెండున్నర అణువుల మేరకు ఊగుతుంది. అది 40 శాతం హెచ్చుతగ్గు. అంత తక్కువ గాఢత వద్ద వరుస కొలతల మధ్య తేడా 5 శాతమేనని పత్రంలో రాసి ఉంటే, ఆ సంకేతం మనం కోరుకున్న అణువు నుంచి కాక మరెక్కడి నుంచో వస్తోందని అర్థం. ఇది ప్రకృతి పెట్టిన హద్దు కాబట్టి పరికరం ఎంత గొప్పదైనా దీన్ని దాటలేదు.

ఎలక్ట్రోడ్_రావు
గణాంక_మిత్ర గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఒక్క అంకెను పట్టుకుని ఒక పరిశోధకుడి జీవితకాలపు పనిని తీసిపారేయడం మాత్రం సరికాదు. ఈ రంగం ఎలా ఎదిగిందో చూడండి. లీలాండ్ క్లార్క్ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌ను 1956లో ప్రకటించారు. 1962లో లయన్స్‌తో కలిసి ఆ ఎలక్ట్రోడ్ మీద పొరల మధ్య గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను బంధించి, గ్లూకోజ్ ఖర్చవుతున్నకొద్దీ ఆక్సిజన్ ఎంత తగ్గుతోందో కొలవవచ్చునని చూపించారు. ఆ ఆలోచన ప్రయోగశాలల్లో వాడే యంత్రంగా అమ్మకానికి వచ్చింది 1975లో. అప్పటికీ ఒక చిక్కు మిగిలే ఉంది. నమూనాలో ఆక్సిజన్ హెచ్చుతగ్గులు ఉంటే గ్లూకోజ్ కొలత కూడా వాటితో పాటు మారిపోయేది. ఆక్సిజన్‌కు బదులు ఫెర్రోసీన్ అనే ఇనుప సమ్మేళనం ఎలక్ట్రాన్లను ఎంజైము నుంచి ఎలక్ట్రోడ్‌కు మోసుకుపోగలదని 1984లో కాస్, హిల్, టర్నర్ బృందం చూపించిన తరువాతే, ఇంట్లో వేలిని గుచ్చి చూసుకునే ఎలక్ట్రోకెమికల్ గ్లూకోజ్ మీటరుకు దారి పడింది. 1962 పత్రాన్ని "రోగుల మీద పరీక్షించారా?" అన్న ఒక్క కొలబద్దతో తూచి ఉంటే దాని విలువ మనకు తెలిసేదే కాదు.

శ్రీలత_బయోకెమ్
రావు గారు, మీరు చెప్పిన కథే నా వాదనకు కూడా బలం ఇస్తోంది. 1962 సెన్సర్‌లోని ఆక్సిజన్ చిక్కును ఎవరో ఒకరు పట్టించుకుని, దాని వెంటపడి 1984 నాటికి పరిష్కరించారు కాబట్టే అది మీటరైంది. అన్వేషి_కె గారు అడుగుతున్నది సరిగ్గా దాని గురించే. ఇక్కడ వెంటపడినవారు కనిపించడం లేదు.

నేను క్లినికల్ ప్రయోగశాలలో పనిచేస్తాను. మాకు కావలసింది అతి తక్కువ గాఢతను పట్టే శక్తి కాదు, వైద్యుడు నిర్ణయం తీసుకునే గాఢత దగ్గర తప్పకుండా నిజం చెప్పే శక్తి. పరగడుపున గ్లూకోజ్ డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గానీ అంతకు పైన గానీ ఉంటే మధుమేహం అని అంటాం, అంటే లీటరుకు 7 మిల్లీమోల్‌లు. నానోమోలార్ గ్లూకోజ్‌ను పట్టగలిగి, 100 మైక్రోమోలార్ దాటగానే సంకేతం ఇక పెరగని సెన్సర్‌కు రక్తాన్ని పలుచన చేసి ఇవ్వాలి. అలా చేసినప్పుడు పలుచన చేయడంలో వచ్చే దోషం కొలతలో చేరుతుంది. గ్లూకోజ్ మీటర్లకు వర్తించే ఐఎస్ఓ 15197 ప్రమాణం 2013 కూర్పును చూడండి. 100 మిల్లీగ్రాములకు దిగువన 95 శాతం కొలతలు అసలు విలువకు 15 మిల్లీగ్రాముల లోపల, 100 నుంచి పైన 15 శాతం లోపల ఉండాలని అది కోరుతుంది. పరీక్షంతా నిర్ణయం తీసుకునే గాఢతల చుట్టూ తిరుగుతుంది, ఎంత తక్కువను పట్టారన్న పోటీకి అందులో చోటు లేదు.

క్యాన్సర్ సూచకాల విషయమూ అంతే. ప్రోస్టేట్ పరీక్షలో చాలాకాలంగా వాడుతున్న పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రోటీన్) గీత మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు. ఆ ప్రోటీన్ అణుభారం దాదాపు 30 కిలోడాల్టన్లు కాబట్టి అది 130 పికోమోలార్ చుట్టుపక్కల ఉంటుంది. దానికి ఫెమ్టోమోలార్ సెన్సర్ దేనికి?

నిశాచరి
శ్రీలత గారు, పీఎస్ఏ ఉదాహరణ సగమే నిజం. ప్రోస్టేట్‌ను తొలగించిన తరువాత వ్యాధి తిరగబెట్టిందేమో చూసేటప్పుడు 0.2 నానోగ్రాముల వద్దే నిర్ణయం తీసుకుంటారు, దానికన్నా ముందే పసిగట్టాలని కూడా చూస్తారు. నాడీకణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ప్రోటీన్లు మామూలు ఎలైజా (యాంటీబాడీలతో ప్రోటీన్లను కొలిచే పరీక్ష) పట్టలేనంత తక్కువగా ఉంటాయి. డేవిడ్ వాల్ట్ బృందం 2010లో ప్రకటించిన డిజిటల్ ఎలైజా ఫెమ్టోమోలార్‌కు దిగువన సీరం ప్రోటీన్లను కొలిచింది. అలాంటి సున్నితత్వం నిజంగా అవసరమైన చోట్లు ఉన్నాయి.

కానీ దాన్ని ఎలా సాధించారో చూడండి. యాంటీబాడీ తొడిగిన సూక్ష్మపూసలతో అణువులను పట్టి, ఒక్కో పూస మాత్రమే పట్టే ఫెమ్టోలీటర్ల గుంతల్లో వాటిని పరిచి, వెలిగిన గుంతలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. అణువులను లెక్కిస్తున్నామని ఒప్పుకుని, దానికి తగిన పద్ధతిని కట్టుకున్నారు. చిన్న ఎలక్ట్రోడ్ మీద ఒక చుక్క వేసి కాసేపు వేచి చూస్తే ఆ స్థాయి రాదు. కోరుకున్న అణువు విసరణతో తిరుగుతూ ఎలక్ట్రోడ్‌ను చేరుకోవడానికే చాలా సమయం పడుతుంది. అణువులను ప్రత్యేకంగా తోలుకొచ్చే ఏర్పాటు లేకపోతే, నానో పరిమాణపు సెన్సర్లు ఆచరణకు పనికివచ్చే సమయంలో ఫెమ్టోమోలార్ స్థాయికి దిగువకు పోలేవని షీహన్, విట్‌మన్ 2005లోనే లెక్కగట్టి చూపించారు.

మధుకర్_టి
క్యాలిబ్రేషన్ రేఖ (తెలిసిన గాఢతలకు వచ్చిన సంకేతాల రేఖ) గీసిన పటంలో అడ్డం అక్షం లాగరిథమ్‌లో ఉందా, మామూలుగా ఉందా? పటం మీద నిజంగా కొలిచిన చుక్కల్లో అన్నింటికన్నా తక్కువ గాఢత ఎంత?

అన్వేషి_కె
లాగరిథమే. నిజంగా కొలిచిన అతి తక్కువ గాఢత 1 ఫెమ్టోమోలార్. 0.2 అట్టోమోలార్ అనేది "3 సిగ్మా బై వాలు" సూత్రంతో వచ్చిందని రాశారు.

గణాంక_మిత్ర
అయితే మూలం దొరికింది. ఆ సూత్రం ప్రకారం, లక్ష్య అణువు లేని బ్లాంక్ నమూనాను పలుమార్లు కొలిచి, ఆ కొలతల ప్రామాణిక విచలనాన్ని మూడు రెట్లు చేసి, క్యాలిబ్రేషన్ రేఖ వాలుతో భాగించాలి. ఈ సూత్రానికి అర్థం ఉండేది సంకేతం గాఢతతో నేరుగా పెరిగే చోట మాత్రమే. లాగరిథమ్ అక్షం మీద వాలు అంటే గాఢత పదిరెట్లు అయినప్పుడు సంకేతం ఎంత మారిందన్నది. దానితో భాగిస్తే వచ్చేది గాఢత కాదు, పదిరెట్ల లెక్కలో ఒక భిన్నం. దాన్నే మోలార్‌గా రాసేస్తే ఎంత చిన్న అంకె అయినా పుడుతుంది. పైగా బ్లాంక్‌ను ఒకే ఎలక్ట్రోడ్ మీద మూడుసార్లు కొలిచి విచలనం తీస్తే అది సహజంగానే చిన్నగా వస్తుంది. వేర్వేరు రోజుల్లో తయారైన వేర్వేరు ఎలక్ట్రోడ్ల మీద తీసిన విచలనమే అసలైనది. నిజంగా కొలిచిన చుక్క కన్నా వేల రెట్లు కింద ఉన్న అంకెను ఆ సెన్సర్ సామర్థ్యంగా లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

కొల్లాయిడ్
ఇంతవరకు అంకెల గురించే మాట్లాడారు. పదార్థం గురించి ఒక మాట చెబుతాను, నేను బంగారు నానోకణాలను తయారుచేసే పనిలోనే ఉన్నాను. టర్కెవిచ్ 1951లో వివరించిన సిట్రేట్ పద్ధతినే ఇప్పటికీ అందరం వాడుతున్నాం. మరుగుతున్న బంగారు క్లోరైడ్ ద్రావణంలో సోడియం సిట్రేట్ పోస్తే పసుపు పోయి, ద్రావణం కాసేపు రంగు లేకుండా నిలిచి, నల్లటి ఊదాగా మారి, చివరికి కెంపు ఎరుపుకు వస్తుంది. ఆ ఎరుపు 520 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకోవడం వల్ల వస్తుంది. కణాలు ఒకదాని దగ్గరకు ఒకటి చేరితే ఆ శోషణ పొడవైన తరంగదైర్ఘ్యాలకు జరిగి ద్రావణం నీలమవుతుంది. మిర్కిన్ బృందం 1996లో డీఎన్ఏ పోగులతో కణాలను కలిపి, ఆ మరుసటి ఏడాది ఈ రంగు మార్పునే డీఎన్ఏను గుర్తించడానికి వాడి చూపించింది.

అందమైన సూత్రమే. అయితే అదే ఎర్రటి ద్రావణంలో చిటికెడు వంటఉప్పు వేయండి. చూస్తుండగానే ఎరుపు ఊదాగా, ఊదా బూడిద నీలంగా మారి, కొద్దిసేపటికి నల్లటి పొడి అడుగున పేరుకుంటుంది. ఏ డీఎన్ఏ అక్కరలేదు, ఏ వ్యాధీ అక్కరలేదు. ఉప్పు, ఆమ్లత, సరిగా కడగని గాజు పాత్ర, వీటిలో ఏదైనా కణాలను గుంపుగా చేర్చగలదు. అందుకే రంగు మార్పు మీద ఆధారపడిన ప్రతి పత్రంలోనూ, లక్ష్య అణువు లేకుండా మిగతాదంతా ఉన్న నమూనాతో ఏమైందో ముందు చూస్తాను.

రక్తం సంగతి ఇంకో తీరు. నానోకణం సీరంలో పడగానే ప్రోటీన్లు దాన్ని చుట్టేస్తాయి. డాసన్, లిన్సె బృందం 2007లో ప్రోటీన్ కరోనా పేరుతో దీన్ని వివరంగా పరిశీలించింది. పైన ఎంతో శ్రమపడి అతికించిన యాంటీబాడీ ఆ తొడుగు కింద కప్పబడిపోవచ్చు. బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే శుభ్రమైన ద్రావణంలో) అద్భుతంగా పనిచేసిన కణం సీరంలో అసలు పలకకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

ల్యాబ్‌బల్ల
కొల్లాయిడ్ గారు బఫర్ అన్నారు కాబట్టి, ట్రాన్సిస్టర్ తరహా సెన్సర్లలో వెంటనే చూడవలసిన సంగతి ఒకటి చెబుతాను. అన్వేషి_కె గారి జాబితాలో గ్రాఫీన్ ట్రాన్సిస్టర్లు ఉంటే ఇది అక్కడికే వర్తిస్తుంది. ద్రావణంలోని అయాన్లు విద్యుదావేశాన్ని కప్పేస్తాయి. రక్తమంత ఉప్పు ఉన్న ద్రావణంలో ఆ కప్పు దూరం, అంటే డిబై పొడవు, 0.7 నానోమీటర్లు మాత్రమే. యాంటీబాడీ పొడవేమో 10 నానోమీటర్లు, అంతకు పైనే. దాని కొసన వచ్చి అంటుకున్న ప్రోటీన్ ఆవేశం కింద ఉన్న గ్రాఫీన్‌కు తెలియనే తెలియదు. అందుకే చాలామంది బఫర్‌ను వంద రెట్లు పలుచన చేసి కొలుస్తారు, అప్పుడు డిబై పొడవు 7 నానోమీటర్లకు పెరుగుతుంది. అది తప్పేమీ కాదు, దాన్ని పత్రంలో స్పష్టంగా చెబితే. చాలా పత్రాల్లో ఆ సంగతి అనుబంధ సమాచారంలో, "0.01 రెట్ల పీబీఎస్" (పీబీఎస్ అంటే రక్తమంత ఉప్పు ఉండే ఫాస్ఫేట్ బఫర్) అన్న ఒక్క మాటగా మాత్రమే ఉంటుంది.

వేణు_స్పెక్ట్రా
లక్ష్యాన్ని పట్టడానికి సెన్సర్ మీద పెట్టే గ్రాహక అణువు దానికి నిజంగా అతుక్కుంటుందా అన్నది కూడా చూడాలి. ఆర్సెనిక్‌ను పట్టుకుంటుందని 2009లో ప్రకటించిన ఒక ఆప్టమర్ (ఒక నిర్దిష్ట అణువును పట్టుకునేలా ఎంచిన డీఎన్ఏ పోగు) మీద ఎన్నో సెన్సర్ పత్రాలు వచ్చాయి. వాటర్లూ విశ్వవిద్యాలయంలోని జువెన్ లియు బృందం 2019లో దాన్ని జాగ్రత్తగా పరీక్షించి, ఆ డీఎన్ఏ ఆర్సెనిక్‌ను పట్టుకోవడమే లేదని తేల్చింది. ఆర్సెనిక్ నేరుగా బంగారు నానోకణాల ఉపరితలానికే అతుక్కోగలదు, చూసేవారికి మాత్రం అది ఆప్టమర్ చేసిన పనిలా కనిపిస్తుంది. పైన కొల్లాయిడ్ గారు చెప్పిన చిటికెడు ఉప్పు ప్రయోగానికి ఇది పెద్దన్న.

ఎలక్ట్రోడ్_రావు
పత్రం మారినప్పుడల్లా పదార్థం మారడం గురించి అన్వేషి_కె గారు మొదట్లో అన్నారు. గ్రాఫీన్‌కు ఒక్కొక్క మూలకాన్ని చేర్చి, ప్రతిసారీ "మెరుగైంది" అని ప్రకటించే పత్రాలు విసుగెత్తించేంతగా పెరిగాయి. పుమెరా బృందం 2020లో గ్రాఫీన్‌కు పక్షి రెట్టను కలిపి, అది కూడా మామూలు గ్రాఫీన్ కంటే మెరుగైన విద్యుత్ ఉత్ప్రేరకంగా పనిచేస్తుందని ఒక పేరున్న జర్నల్లోనే చూపించింది. ఏది కలిపినా ఎంతో కొంత మెరుగవుతుంటే, మెరుగైందని చెప్పడంతో సరిపోదు, ఎందుకు మెరుగైందో చెప్పాలి. ఆచార్యుడి పత్రాల్లో ఆ "ఎందుకు"కు జవాబు వెతికిన ఒక్కటైనా ఉందేమో చూడండి. ఉంటే ఆయన్ను నేను గౌరవిస్తాను, సెన్సర్ అమ్మకానికి రాకపోయినా సరే.

అన్వేషి_కె
మీరందరూ చెప్పినవి పక్కన పెట్టుకుని ఆయన పత్రాలను మళ్లీ చదివాను. తాజా పత్రంలో "నిజమైన నమూనా" అన్నది, కొనుక్కున్న సీరంను వంద రెట్లు పలుచన చేసి, తెలిసిన మోతాదు మైక్రో ఆర్ఎన్ఏను అందులో కలిపి, అదెంత తిరిగి దొరికిందో చూడటమే. రికవరీ 98 నుంచి 102 శాతం అని రాశారు. క్యాన్సర్ ప్రోటీన్ల పత్రాలన్నీ ఇదే అచ్చులో ఉన్నాయి.

కానీ మధ్య కాలపు పత్రం ఒకటి వేరుగా నిలబడింది. యూరిక్ ఆమ్లాన్ని యూరికేజ్ ఎంజైముతో కొలిచే సెన్సర్ అది. డిటెక్షన్ లిమిట్ గొప్పది కాదు, మైక్రోమోలార్‌లో ఉంది. అందులో రోగుల సీరం నమూనాలనే తీసుకుని, ఆసుపత్రి ప్రయోగశాల ఇచ్చిన విలువలతో పక్కపక్కన పోల్చారు. ఆయన పత్రాల్లో చాలా తక్కువ సైటేషన్లు వచ్చిన వాటిలో ఇది ఒకటి. సహసంబంధ గుణకం 0.99 అని ఉంది.

శ్రీలత_బయోకెమ్
ఆ పత్రమే నాకు ఆయన మీద ఆశ కలిగిస్తోంది. యూరిక్ ఆమ్లానికి పైహద్దు డెసిలీటరుకు దాదాపు 7 మిల్లీగ్రాములు, అంటే 400 మైక్రోమోలార్‌కు కాస్త పైన. మైక్రోమోలార్ సెన్సర్ దానికి ధారాళంగా సరిపోతుంది. అవసరానికి తగిన పరికరాన్ని తయారుచేశారు.

రికవరీ గురించి మాత్రం జాగ్రత్తగా ఉండండి. మనం విడిగా కలిపిన అణువు సీరంలో స్వేచ్ఛగా తిరుగుతుంది, రోగి రక్తంలోనిది అలా ఉండదు. పీఎస్ఏనే తీసుకుంటే, రక్తంలో దానిలో అధికభాగం ఆల్ఫా-1 యాంటీకైమోట్రిప్సిన్ అనే మరో ప్రోటీన్‌కు అతుక్కునే ఉంటుంది. కలిపిన దాన్ని నూటికి నూరు పాళ్లు తిరిగి పట్టిన సెన్సర్, ఉన్నదాన్ని పట్టలేకపోవచ్చు.

ఇక 0.99 గురించి. మీ సెన్సర్ ప్రతిసారీ 20 శాతం ఎక్కువ చూపించినా సహసంబంధం 1కి దగ్గరగానే ఉంటుంది. బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్‌లో చెప్పింది ఇదే. రెండు పద్ధతుల తేడాను నిలువు అక్షం మీద, సగటును అడ్డం అక్షం మీద పెట్టి గీయండి. పత్రంలో రెండు విలువల పట్టిక ఉంటే ఆ పటాన్ని మీరే గీసుకోవచ్చు.

గణాంక_మిత్ర
గీసేటప్పుడు ఎక్కువ గాఢతల వైపు తేడా విచ్చుకుంటూ పోతోందేమో గమనించండి. అలా ఉంటే తేడాను శాతాల్లో గీయాలి.

ల్యాబ్‌బల్ల
విటమిన్ సి మాత్రలు వేసుకుంటున్న వ్యక్తి నమూనా అందులో ఉందేమో కూడా చూడండి. యూరిక్ ఆమ్లాన్ని కొలిచే వోల్టేజీకి దగ్గర్లోనే ఆస్కార్బిక్ ఆమ్లం కూడా ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణం చెందుతుంది, పారాసిటమాల్‌తోనూ ఇదే బెడద. ఎంజైము పెట్టడం వల్ల ఆ బెడద దానంతట అదే పోదు, వోల్టేజీని తగ్గించే మధ్యవర్తి గానీ, వాటిని అడ్డుకునే పొర గానీ ఉండాలి.

అన్వేషి_కె
పట్టిక ఉంది, పటం గీశాను. తక్కువ గాఢతల వద్ద తేడా సున్నాకు అటూ ఇటూ ఉంది, 8 మిల్లీగ్రాములు దాటాక సెన్సర్ క్రమంగా తక్కువ చూపిస్తోంది. ఎంజైము ఆ గాఢతల వద్ద సంతృప్తం అవుతోందని నాకు అనిపిస్తోంది. ఆస్కార్బిక్ ఆమ్లానికి నాఫియాన్ అనే పాలిమర్ పొర వాడారు, పొర ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చిన సంకేతాలను పక్కపక్కన చూపించారు. పారాసిటమాల్ ప్రస్తావన లేదు.

మధుకర్_టి
పారాసిటమాల్‌కు విద్యుదావేశం ఉండదు కాబట్టి ఋణావేశపు నాఫియాన్ దాన్ని ఆస్కార్బేట్‌ను ఆపినంత బాగా ఆపలేదు. ఆ సెన్సర్‌లో మిగిలిన పని ఏమిటో మీ పటమే చెబుతోంది: పైగాఢతల వద్ద వంగిపోవడం, పారాసిటమాల్. ఇంటర్వ్యూలో ఆయన్ను తాజా పత్రం గురించి కాకుండా దీని గురించి అడగండి. దీన్నే కొనసాగించడానికి పీహెచ్‌డీలో చోటు ఇస్తారా అని నేరుగా అడగండి.

ఎలక్ట్రోడ్_రావు
అలాగే, ఆ పత్రంలో మొదటి పేరున్న విద్యార్థికి ఒక ఉత్తరం రాయండి. ఒక విడతలో చేసిన ఎలక్ట్రోడ్లలో ఎన్ని పనికివచ్చాయి, అవి ఎన్నాళ్లు నిలిచాయి, ఎంజైమును ఏ ఉష్ణోగ్రత వద్ద దాచారు అన్నవి అడగండి. అవి పత్రంలో ఉండవు, చేసిన చేతికే తెలుస్తాయి.

అన్వేషి_కె
విద్యార్థికి నిన్ననే రాశాను, జవాబు వచ్చింది. తొలి విడతల్లో సగం ఎలక్ట్రోడ్లు పొర సమంగా పరుచుకోక పారేయవలసి వచ్చిందట. నాఫియాన్‌ను పలుచన చేసి రెండు పూతలుగా వేసిన తరువాత అది కుదురుకుందని, పైగాఢతల వద్ద వంగిపోవడం తనకూ తెలుసునని, ఎంజైము మోతాదు పెంచి చూడటానికి సమయం చాలలేదని రాశారు. ముడి సమాచారం కూడా పంపుతామన్నారు. అది వచ్చాక గణాంక_మిత్ర గారు చెప్పినట్టు శాతాల్లో గీసి ఇక్కడ పెడతాను.